మూడు చుక్కల చరిత్ర

2012లో మేం నలుగురు స్నేహితులం కలిసి పుస్తక సమీక్షల కోసం ఒక చిన్న సైటు కట్టుకున్నాం. రాసేది వాళ్ళు ముగ్గురు, కోడు నాది. మొదటి పేజీలో ఒక్కో సమీక్ష నుంచి ఒక ముక్క కనిపిస్తుంది, నొక్కితే మిగతాది తెరుచుకుంటుంది. ఒకరోజు ఒక నవలా రచయిత మా స్నేహితుడికి ఫోన్ చేసి, "ముగింపు నీకైనా నచ్చింది బాబూ, అందరూ దాన్నే తిట్టారు" అని సంతోషపడ్డారు. పెద్దాయన. లోపలికెళ్ళి చదవలేదు. మొదటి పేజీలో ఆయనకి కనపడింది ఇది:

ఈ నవలలోని ముగింపు నాకు నచ్చ...

అసలు వాక్యం "ఈ నవలలోని ముగింపు నాకు నచ్చలేదు". మా వాడు ఏం చెప్పాలో తెలీక "అవునండీ" అనేశాడు. తర్వాత నాతో రెండు రోజులు మాట్లాడలేదు. తప్పు ఎక్కడుందో వెతుకుతూ వెళ్ళిన నాకు ఒక చిన్న చరిత్ర దొరికింది. ఈ వ్యాసం దాని గురించే.

వెబ్ పేజీ తయారీలో టెంప్లేట్ అంటే ఖాళీలు వదిలిన ఫారం లాంటిది. ఖాళీల్లోకి డేటాబేస్ నుంచి వచ్చిన పాఠం పడుతుంది. అయితే పడేముందు దాన్ని కాస్త సర్దాలి. పొడవైతే కత్తిరించాలి, పేరాలు విడగొట్టాలి, వెతికిన మాటకి రంగు పుయ్యాలి, ఒకటికి ఏకవచనం రెండుకి బహువచనం పెట్టాలి. ఈ పనులు చేసే చిన్న చిన్న ఫంక్షన్లనే హెల్పర్లు అంటారు. అచ్చు ప్రెస్సుల్లో కంపోజిటరూ ప్రూఫ్ రీడరూ చేసిన పని ఇది. వాళ్ళకి భాష వచ్చు. హెల్పర్‌కి రాదు.

ఈ పని యంత్రానికి అప్పజెప్పడం వెబ్ కంటే చాలా పాతది. 1964లో ఎం.ఐ.టి.లో జెరోమ్ సాల్ట్‌జర్ రనాఫ్ అనే ప్రోగ్రాం రాశాడు. పాఠం మధ్యలో చుక్కతో మొదలయ్యే ఆజ్ఞలు రాస్తే, అది వరసలు నింపి, అంచులు సరిచేసి, పేజీలుగా అచ్చువేసేది. యూనిక్స్ వాళ్ళ రాఫ్, ఎన్‌రాఫ్, ట్రాఫ్ అన్నీ ఆ వంశమే. ఇంకా వెనక్కి వెళ్తే 1928 నాటి ఐ.బి.ఎం. పంచ్ కార్డు, దానిమీద 80 నిలువు గళ్ళు. ఆ 80 టెర్మినల్ తెరలకి అంటుకుంది, అక్కణ్ణించి ప్రోగ్రామర్ల అలవాటుకి అంటుకుంది. ఈరోజుకీ రైల్స్‌లో వరసలు విరిచే వర్డ్ రాప్ హెల్పర్‌కి వెడల్పు చెప్పకపోతే 80 అనుకుంటుంది. అట్టముక్క పోయినా దాని కొలత మిగిలిందన్నమాట.

వెబ్‌లో పి.హెచ్.పి. మొదట్నించీ టెంప్లేట్ భాషే. దాని మీద వచ్చిన స్మార్టీలో ట్రంకేట్ ఉంది. ఏమీ చెప్పకపోతే 80 అక్షరాల దగ్గర ఆపి మూడు చుక్కలు పెడుతుంది, కానీ మాట మధ్యలో కొయ్యదు. 2004లో డేవిడ్ హైనెమైయర్ హాన్సన్ రైల్స్ విడుదల చేశాడు. అందులో టెక్స్ట్ హెల్పర్ అని ఒక మూట: ట్రంకేట్, ఎక్సెర్ప్ట్, హైలైట్, ప్లూరలైజ్, సింపుల్ ఫార్మాట్, వర్డ్ రాప్ వగైరా. ఇక్కడ ట్రంకేట్ మామూలు కొలత 30. అందులో మూడు చుక్కలకి 3 పోగా మిగిలేది 27. ప్రత్యేకంగా అడిగితే తప్ప మాట మధ్యలోనైనా కోస్తుంది. మర్నాటేడు వచ్చిన జాంగో పుట్టింది అమెరికాలో కాన్సస్ రాష్ట్రపు ఒక దినపత్రిక ఆఫీసులో. దాని ఫిల్టర్లలో ఆ వాసన తెలుస్తుంది. కత్తిరించడానికి అక్షరాల లెక్క కాకుండా మాటల లెక్క పెట్టారు. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెల్ని అక్షరాల్లో రాసే ఫిల్టర్ కూడా ఉంది. అది అసోసియేటెడ్ ప్రెస్ వాళ్ళ శైలి నియమం.

ఇక మన సంగతి. రైల్స్ రాసిన భాష రూబీ జపాన్‌లో పుట్టింది. అయినా 1.8 దాకా దానికి స్ట్రింగ్ అంటే బైట్ల దండే. లిపిని గుర్తించాలంటే కేకోడ్ అనే ఒక మీట తిప్పాలి. ఆ 'కే' కంజీకి గుర్తు. తొలినాళ్ళ ట్రంకేట్ కోడు ఈ మీట చూసేది. తిప్పి ఉంటే అక్షరాలు, లేకపోతే బైట్లు. యు.టి.ఎఫ్.-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి 3 బైట్లు. 27 బైట్లంటే సరిగ్గా 9 కోడ్లు. కాబట్టి ఖాళీ లేని తెలుగు మాటైతే అదృష్టవశాత్తూ బాగానే తెగేది. ఒక ఖాళీ వచ్చిందంటే, అది 1 బైటు కాబట్టి, లెక్క తప్పి చివర అర్థంకాని గుర్తు పడేది. 2009 మొదట్లో రూబీ 1.9.1 వచ్చాక ఈ బాధ తీరింది.

తీరిందనే నేనూ అనుకున్నాను. కానీ కంప్యూటర్ 'అక్షరం' అన్నప్పుడు దాని ఉద్దేశం యూనికోడ్‌లో ఒక కోడ్. మన ఉద్దేశం అది కాదు. 'తెలుగు' మనకి మూడక్షరాలు, దానికి ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. 'స్త్రీ' మనకి ఒక్కటే, దానికి అదీ ఆరే. ఇంగ్లీషు మాటని ఎక్కడ కోసినా మిగిలిన ముక్కలోని అక్షరాలు ఆ మాటవే. 'తెలుగు'ని ఐదు దగ్గర కోస్తే 'తెలుగ' మిగులుతుంది. ఆ చివరి 'గ' అసలు మాటలో లేనే లేదు! బైట్లు తెగినప్పుడు తప్పు కనీసం కంటికి కనపడేది. ఇప్పుడు ముద్రారాక్షసంలా ఒదిగి కూచుంటుంది, చదివేవాడు రాసినవాణ్ణి అనుకుంటాడు.

యూనికోడ్ వాళ్ళకి ఇది తెలియక కాదు. మనిషి ఒకటిగా చూసే దాన్ని గ్రాఫీమ్ క్లస్టర్ అని పేరు పెట్టి, ఎక్కడ విడగొట్టాలో నియమాలు రాశారు. 2017 డిసెంబర్‌లో వచ్చిన రూబీ 2.5లో ఆ లెక్కన విడగొట్టే పద్ధతి చేరింది. అయితే ఆ నియమాల్లో గుణింతం కలిసేది గానీ ఒత్తు కలిసేది కాదు. 'స్త్రీ' ఇంకా మూడు ముక్కలే. తెలుగు సంయుక్తాక్షరాల్ని కూడా ఒక్కటిగా చూడాలన్న నియమం యూనికోడ్ 15.1తో వచ్చింది. అది 2023 సెప్టెంబర్. తెలుగు యూనికోడ్‌లో మొదటి కూర్పు నుంచీ, అంటే 1991 నుంచీ ఉంది. మన ఒత్తు అక్షరంలో భాగమేనని కాగితం మీదకి ఎక్కడానికి 32 ఏళ్ళు పట్టింది. మధ్యలో 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న అక్షరం ఒక ప్రత్యేకమైన కోడ్ల వరసలో వస్తే ఐఫోన్లు కుప్పకూలిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. వారంలోపే మరమ్మతు చేశారు. ఫోన్లు పడిపోతే వారం, అక్షరాలు తెగితే ముప్పై రెండేళ్ళు. నిష్ఠూరంగా అనటం లేదు. పడిపోయేదాని గోల అందరికీ వినపడుతుంది, అంతే.

మా వాక్యానికి వస్తే: 'నచ్చ' దాకా లెక్కపెట్టండి. ఖాళీలతో కలిపి కోడ్లు సరిగ్గా 27. మొత్తం వాక్యం 31. అదే మన అక్షరాలు లెక్కపెడితే, ఖాళీలతో సహా 19. అంటే మనిషిలా లెక్కపెట్టి ఉంటే క్రియ క్షేమంగా ఉండేది, పెద్దాయన ఫోన్ చేసేవారు కాదు. ఇంకో చిత్రం: 'నచ్చింది' అని రాసి ఉన్నా మొత్తం 31 కోడ్లే, తెగేదీ అదే 'నచ్చ' దగ్గరే. మెచ్చుకోలునీ విమర్శనీ ఆ కత్తెర ఒక్కలాగే చూపించేది.

మాట మధ్యలో కొయ్యకుండా ఆపితే సరిపోతుందా? అప్పుడు "ముగింపు నాకు..." అని మిగులుతుంది. అబద్ధం కాదు గానీ, ఏమీ చెప్పలేదు. ఇంగ్లీషులో 'కాదు' అన్న మాట అసలు క్రియకి ముందే వచ్చేస్తుంది. తోక తెగినా ఒప్పుకున్నాడో లేదో తెలుస్తుంది. మనకి అవునూ కాదూ తేలేది వాక్యం చిట్టచివర. మొదటి ముక్క చూపిస్తే విషయం అందుతుందన్న నమ్మకం మీదే ఈ హెల్పర్ నిలబడింది. తెలుగు వాక్యం ఆ నమ్మకాన్ని నిలబెట్టదు.

బహువచనం హెల్పర్ కథ కూడా ఇలాంటిదే. రైల్స్ ఇంగ్లీషు బహువచనాల కోసం నియమాలూ మినహాయింపులూ ఒక పట్టీగా రాసుకుంది. ఆవుకి ఎప్పుడో వాడుక పోయిన 'కైన్' అనే రూపం కూడా చాలాకాలం అందులో ఉంది! అంత ముచ్చట తెలుగుకి ఎవరు చేస్తారు? చెట్టు చెట్లు, ఇల్లు ఇళ్ళు, కన్ను కళ్ళు, పుస్తకం పుస్తకాలు. పైగా రెండు పుస్తకాలు అంటాం గానీ రెండు పాఠకులు అనం, ఇద్దరు పాఠకులు అంటాం. ఐదుగురు, ఆరుగురు, ఏడుగురు, ఆ తర్వాత 'మంది'. 2008లో రైల్స్ 2.2 అనువాదాలకి చోటిచ్చాక ఏకవచనానికి ఒక వాక్యం, బహువచనానికి ఒక వాక్యం మనమే రాసుకోవచ్చు. కానీ మామూలుగా ఉన్న గదులు తక్కువే. 'ఇద్దరు' పట్టాలంటే ఇప్పటికీ చేత్తో రాసుకోవాల్సిందే.

హెల్పర్లన్నీ మనకి పరాయివి కావు. సింపుల్ ఫార్మాట్ అంటే నాకిష్టం. హెచ్.టి.ఎమ్.ఎల్. వరస విరుపుని పట్టించుకోదు, పద్యం అతికించినా వచనంలా కలిపేస్తుంది. సింపుల్ ఫార్మాట్ చేసేదల్లా ఒక వరస విరిస్తే విరుపు ఉంచడం, ఖాళీ వరస వదిలితే కొత్త పేరా మొదలుపెట్టడం. భాష గురించి దానికి ఏ అభిప్రాయమూ లేదు, అందుకే ఏ భాషనీ చెడగొట్టదు. సైటు మొదటి రోజు నుంచీ మా పద్యాలన్నీ నాలుగు పాదాల మీదే నిలబడ్డాయి.

చివరికి మేం ఏం చేశామంటే, ట్రంకేట్ తీసేశాం. ప్రతి సమీక్షకీ రాసినవాళ్ళే రెండు వాక్యాల పరిచయం రాయాలని ఫారంలో ఒక గడి పెట్టాను. మావాళ్ళు మొదట విసుక్కున్నారు, తర్వాత అలవాటైంది. రచయితగారికి మా వాడే వారం తర్వాత ఫోన్ చేసి నిజం చెప్పాడు. "మొత్తం చదివాన్లే బాబూ, ఆ మూడు చుక్కల దగ్గరే ఆగాల్సింది" అన్నారట ఆయన.