స్వేచ్ఛ పేరిట కాచిన బీరు

లిబర్టీ ఏల్, సియెర్రా నెవాడా పేల్ ఏల్ అనే రెండు అమెరికన్ బీర్లను పక్కపక్కన ఉంచి రుచి చూస్తే, రెండింటిలోనూ పంపరపనస తొక్క గిల్లినట్టి పరిమళమే తగులుతుంది. బీరుకు చేదునూ సువాసననూ ఇచ్చేది హాప్స్ తీగ పువ్వు. ఈ రెండింటిలోనూ ప్రధానంగా పలికేది కాస్కేడ్ అనే హాప్స్ రకం.

మొదటిదాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలోని యాంకర్ సంస్థ 1975లో కాచింది. బ్రిటిష్ సేనలు వస్తున్నాయని హెచ్చరిస్తూ 1775లో పాల్ రివీర్ సాగించిన గుర్రపుస్వారీకి అది ద్విశతాబ్ది స్మారకం. రెండవది 1980లో కాలిఫోర్నియాలోని చికో పట్టణంలో పుట్టింది. ఆ దేశపు క్రాఫ్ట్ బీరు ఉద్యమానికి ఇవి పునాదిరాళ్లు.

ఇక కాస్కేడ్ వంశావళి చూద్దాం. ఆరెగాన్‌లో ప్రభుత్వ శాస్త్రజ్ఞులు 1972లో విడుదల చేసిన ఈ రకానికి పూర్వీకులు ఇంగ్లండుకు చెందిన ఫగుల్, రష్యాకు చెందిన సెరెబ్రియాంకా. ఎవరిపై తిరుగుబాటును ఆ బీరు స్మరించిందో వారి తీగ ఒకటి. ఎవరితో ప్రచ్ఛన్నయుద్ధం సాగుతున్నదో వారి తీగ మరొకటి! నిక్సన్ మాస్కో వెళ్లిందీ ఆ 1972లోనే.

తిండిలో స్వదేశీ, విదేశీ అని గీతలు గీసే నాయకులు మన ఉపఖండంలోనూ ఉన్నారు. వారి పచ్చళ్లలోని మిరపకాయ పోర్చుగీసు ఓడల్లో వచ్చినదే.