వాన పేరే డబ్బు పేరు

రూపాయి అనే మాట వెండిలోంచి పుట్టింది. సంస్కృతంలో రూప్యమంటే వెండి. ఆఫ్రికా దక్షిణ భాగంలోని బోట్స్వానాలో డబ్బు పేరు వానలోంచి పుట్టింది. అక్కడి కరెన్సీ ‘పులా’. సెట్స్వానా భాషలో పులా అంటే వాన. పులాలో నూరోవంతు ‘థేబే’, అంటే డాలు.

ఈ పేరు వెనక ఎండిన నేల ఉంది. దేశంలో సగానికి మించి కలహారి ఇసుకే. 1966 సెప్టెంబరు 30న బ్రిటిష్ పాలన నుంచి స్వాతంత్ర్యం వచ్చేనాటికి ఏళ్ల తరబడి కరువు. మందలకు మందలే పశువులు చచ్చిపోయాయి. అందుకే జెండాలోని నీలం రంగు నీటికి గుర్తయింది. రాజముద్రలో డాలుకు చెరోవైపు ఒక జీబ్రా నిలబడి ఉంటుంది. ఒకటి ఏనుగు దంతాన్ని, ఇంకొకటి జొన్నకంకిని పట్టుకుంటాయి. డాలు మీద మూడు నీటి అలలు, వాటి కింద ఎద్దు తల. అన్నిటికీ అడుగున దేశ నినాదం, ఒకే ఒక్క మాట: పులా.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1967లో, ఒరాపా దగ్గర వజ్రాలు బయటపడ్డాయి. అప్పటికింకా దక్షిణాఫ్రికా రాండే చలామణిలో ఉంది. 1976 ఆగస్టు 23న సొంత కరెన్సీ వచ్చింది. వజ్రాల గనులున్న దేశం తన డబ్బుకు వాన పేరే పెట్టుకుంది.

సెట్స్వానా భాషలో మాట ముందు చేరే అక్షరం అర్థాన్ని మార్చేస్తుంది. ఒక మనిషి మోట్స్వానా, జనమంతా బాట్స్వానా, వాళ్ల భాష సెట్స్వానా, దేశం బోట్స్వానా. దేశంలో ఇరవైకి పైగా భాషలున్నాయి. సాన్ ప్రజల భాషల్లో ‘క్లిక్’ ధ్వనులుంటాయి. ‘అయ్యో పాపం’ అనేటప్పుడు మనం నాలుకతో చేసే ‘చ్చు’ శబ్దం మనకు జాలి మాత్రమే, వాళ్లకు అది హల్లు. నైరుతి మూలన కొద్దిమందే మాట్లాడే ‘టా’ భాషలో హల్లులు నూరు దాటతాయని కొందరు భాషావేత్తల లెక్క.

అయిదు పులాల నాణెం మీద ఓ గొంగళిపురుగు బొమ్మ కనిపిస్తుంది. అది మోపానే చెట్టు ఆకులు తిని పెరిగే ‘ఫానే’. వానలు పడి చెట్లు చిగురిస్తే ఫానే వస్తుంది. ఆడవాళ్లు ఏరి తెచ్చి, లోపలిది పిండేసి, ఉప్పునీళ్లలో ఉడికించి ఎండబెడతారు. వరుగుల్లా నెలల తరబడి నిలవుంటాయి. వాన పేరున్న నాణెం మీద వాన పెట్టే తిండి!

నీటి విలువ తెలిసినవాళ్లు అడవినీ కాచుకున్నారు. ఒకవాంగో నది అంగోలా ఎత్తుభూముల్లో పడిన వానను మోసుకొచ్చి, సముద్రం చేరకుండా కలహారిలోనే పరుచుకుంటుంది. వరద వచ్చేసరికి ఇక్కడ వానలు లేని కాలం. దాహంతో ఉన్న జంతువులు అక్కడికే చేరతాయి. వేటవల్ల అవి తరిగిపోతుంటే అక్కడి బటవానా తెగ ప్రజలు 1963లో తమ సొంత భూమిలోనే మోరెమి అభయారణ్యాన్ని ఏర్పరిచారు. అప్పుడు వాళ్లను పాలిస్తున్నది ఎలిజబెత్ పులానే మోరెమి. ఆమె పేరులోనూ వాన ఉంది. 2014లో ఒకవాంగో డెల్టా యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో వెయ్యో స్థలంగా చేరింది. ప్రపంచంలో ఏనుగులు అత్యధికంగా ఉన్న దేశం ఇప్పుడు బోట్స్వానాయే.

ఊరి రచ్చబండను అక్కడ ‘ఖోట్లా’ అంటారు. పెద్దలు మాట్లాడటం ముగించగానే జనమంతా ఒక్క గొంతుతో ‘పులా!’ అంటారు. అది దీవెన, ప్రార్థన, జేజే. జేబులోని డబ్బు పేరూ అదే.