పళ్ళు వచ్చే బిడ్డ, పొడి డబ్బా

చరిత్ర అనగానే మనలో చాలామందికి ఓడల పేర్లు, గిరిమిట్ కాగితాల మీది నెంబర్లు, మన పూర్వులు రేవులో దిగిన తేదీలు గుర్తుకు వస్తాయి. అవన్నీ కావలసినవే. బడిలో పిల్లలకు నేను చెప్పేదీ అవే. కాని ఈ వ్యాసంలో నేను వ్రాయబోయేది పసిబిడ్డ గోచీ గుడ్డను గురించి. పాఠకులు నవ్వకుండా చివరి వరకు చదవవలెనని మనవి. నేను తెలుగును సంఘం వారి సాయంకాలపు తరగతులలో నేర్చుకొన్నదానను. ఇంట్లో మాట్లాడేది ఫిజీ హిందీ. భాషలో దోషాలుంటే పెద్దలు మన్నింతురు గాక.

మా అమ్మాయి కాపురం ఒమాన్ దేశంలోని ఖురియాత్‌లో. మస్కట్‌కు ఆగ్నేయంగా సుమారు 90 కిలోమీటర్ల దూరాన, ఒక ప్రక్క కొండలు, ఒక ప్రక్క సముద్రం గల చేపల రేవు అది. 1507లో పోర్చుగీసు సేనాని అల్బుకర్క్ ఈ ఊరిని కొల్లగొట్టి తగులబెట్టిన సంగతి చరిత్ర పుస్తకాలలో ఉన్నది. వాతావరణ శాస్త్రజ్ఞులకు మాత్రం ఈ ఊరు వేరొక కారణాన తెలుసు. 2018 జూన్ 26న ఇరవైనాలుగు గంటల పాటు ఇక్కడి ఉష్ణోగ్రత 42.6 డిగ్రీలకు క్రిందికి దిగలేదు. అర్ధరాత్రి కూడా అంతే. అటువంటి ఊళ్ళో పసిబిడ్డకు ప్లాస్టిక్ డైపరు బిగించి పడుకోబెడితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు.

మా అల్లుడు కరీంనగర్ వైపు పల్లెవాడు. మన ముత్తాతలు చెరకు తోటలకు వెళ్ళినట్లే ఈ రోజులలో తెలంగాణ పల్లెలనుండి మనుషులు కాగితం మీద సంతకం పెట్టి గల్ఫుకు వస్తున్నారు. వలస పోయిన వారి మనుమరాలు, వలస వచ్చినవాడు, ఇద్దరూ ఎడారి ఒడ్డున సంసారం పెట్టుకొన్నారు. వారి పాపను చూడటానికి నేను వెళ్ళాను.

పాపకు ఎనిమిదో నెల. క్రింది పళ్ళు రెండు చిగుళ్ళలోంచి తెల్లగా తొంగి చూస్తున్నవి. నేను దిగిన రోజుకే మూడు దినాలుగా విరేచనాలు. పిర్రలు, గజ్జలు ఎర్రగా కందిపోయి, నీళ్ళు తగిలితే చాలు కెవ్వుమని ఏడుపు. ఆ సాయంత్రం మా వియ్యపురాలు ఫోనులో మాట్లాడింది.

“గంత పరేషాన్ కాకు వదినె. పండ్లొస్తున్నయ్ గదా, గట్లనే ఎర్రగైతది. పౌడర్ మంచిగ కొట్టుండ్రి, తక్కువైతది.”

ఆవిడ మాటలో ప్రేమే తప్ప వేరేమీ లేదు. మా అమ్మాయి వెంటనే పౌడరు డబ్బా అందుకొన్నది. ఆ డబ్బా చూడగానే నాకు మా అవ్వ చెప్పిన కథ జ్ఞాపకం వచ్చింది.

మా అవ్వ ఫిజీలోనే పుట్టింది. ఆమె తల్లి విశాఖపట్నం జిల్లా నుండి గిరిమిట్ మీద వచ్చిన మనిషి. అవ్వకు 1938లో తొలిచూలు ఆడపిల్ల. ఆ పిల్లకు పళ్ళు వచ్చే వేళ చిరాకు, జ్వరం ఉండటం చూచి, అంగడినుండి సీమ పొడి తెచ్చి నాలుక మీద వేసేవారట. “ఎంత తెల్లని పొడి! రుచీ లేదు, వాసనా లేదు. పిల్ల ఊరుకునేది” అనేది అవ్వ. తరువాత ఆ పిల్ల అరచేతులు, పాదాలు దొండపండు వలె ఎర్రబడి, తోలు లేచిపోయింది. వెలుతురు చూడలేక తల్లి కొంగులో మొహం దాచుకొనేది. పదో నెలలో పోయింది. ఇంట్లో అందరూ దానిని ‘పళ్ళ జబ్బు’ అన్నారు. అవ్వ ఆ డబ్బాను పారవేయలేదు. సూదులు పెట్టుకొనేది.

పళ్ళు రావటాన్ని ఒక జబ్బుగా చూడటం మన వాళ్ళు కనిపెట్టినది కాదు. గ్రీకు వైద్యుల కాలం నుండి ఉన్నదే. ఇంగ్లండులో మరణాల రిజిస్టరులో ‘పళ్ళు రావటం’ ఒక కారణంగా వ్రాసుకొనేవారు. 1839వ సంవత్సరం ఒక్కదానిలోనే ఆ పద్దు క్రింద 5 వేలకు పైగా మరణాలు లెక్కించారు. డాక్టర్లే కత్తితో చిగుళ్ళు కోసేవారు. అసలు సంగతి వేరు. ఆరు నెలలు దాటేసరికి తల్లినుండి బిడ్డకు సంక్రమించిన రక్షణ తగ్గుతుంది. బిడ్డ ప్రాకటం మొదలుపెడుతుంది, దొరికినదల్లా నోట్లో పెట్టుకొంటుంది, క్రొత్త ఆహారం తింటుంది. కడుపు చెడేది అందుకు. పళ్ళు వచ్చేదీ అదే వయస్సు కనుక నింద పళ్ళ మీద పడింది. పన్ను వచ్చేటప్పుడు చొల్లు కారటం, చిగురు నొప్పి, కొంచెం చిరాకు ఉంటాయి. అంతకంటే పెద్ద జ్వరం గాని, విరేచనాలు గాని వస్తే కారణం వేరే వెదకాలి.

నింద పడితే మందు పుడుతుంది గదా! ఇంగ్లండులో స్టీడ్మన్ పొడులవంటివి పందొమ్మిదవ శతాబ్దం నుండి ఇంటింటా ఉండేవి. వాటిలో కలిపినది కేలొమెల్. మన దేశపు వైద్యులు రసకర్పూరం అంటారే, అటువంటి పాదరసపు లవణం. విరేచనం చేయిస్తుంది కనుక మంచిదని నమ్మారు. 1914లో ఆస్ట్రేలియా అడిలైడ్ నగరపు వైద్యుడు స్విఫ్ట్, పసిపిల్లలలో ఒక వింత వ్యాధిని వర్ణించాడు. చేతులు, పాదాలు ఎర్రబడటం, తోలు ఊడటం, చెమటలు, వెలుతురంటే భయం, కొందరికి వచ్చిన పళ్ళే ఊడటం. దానికి ‘పింక్ డిసీజ్’ అని పేరు పడింది. కారణం ఏమిటో ముప్పై ఏళ్ళ పాటు తెలియలేదు. 1940లలో అమెరికాలోని సిన్సినాటిలో వార్కనీ అనే వైద్యుడు, హబ్బర్డు కలిసి ఈ పిల్లల మూత్రాన్ని పరీక్షించి పాదరసం కనుగొన్నారు. 1953-54 నాటికి ఆస్ట్రేలియాలోను బ్రిటనులోను ఈ పొడులనుండి పాదరసాన్ని తీసివేశారు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే ఆ వ్యాధి దాదాపు మాయమైంది.

మా అవ్వ బిడ్డకు ఏ డాక్టరూ పరీక్ష చేయలేదు. కనుక ఆ పిల్ల పోయినది దానివల్లనే అని నేను వ్రాయను. కాని మన దీవులలో అప్పటి అంగళ్ళకు సరుకు ఎక్కువగా ఆస్ట్రేలియానుండే వచ్చేది. తోటలు, మిల్లులు నడిపినది కూడా ఆస్ట్రేలియా చక్కెర కంపెనీయే.

ఇక్కడ ఒక ప్రశ్న. మన ముత్తవ్వలకు ఒరుపు మాన్పటం తెలియదా? తెలుసు. పాత చీర పేగుల్లా మెత్తబడిన గుడ్డ గోచీగా కట్టటం, తడవగానే విప్పటం, గోరువెచ్చని నీళ్ళతో కడిగి, అద్ది, కాసేపు బిడ్డను ఉత్తగా పడుకోబెట్టటం, తరువాత కొబ్బరినూనె రాయటం. ఫిజీలో ‘డిలో’ అనే చెట్టు గింజల నూనెను కాయివీతి స్త్రీలు చర్మానికి వాడతారు. ఆ డిలో మరేదో కాదు, మన పొన్న చెట్టే! సముద్రపు ఒడ్డున దానిని చూచి మన వాళ్ళు ఎంత సంతోషించి ఉంటారో అనుకొంటాను.

తెలివి ఉన్నది, లేనిది తీరిక. గిరిమిట్ ఒప్పందం ప్రకారం వారంలో ఐదు రోజులు తొమ్మిదేసి గంటలు, శనివారం ఐదు గంటలు పని. పూర్తి పని చేసిన మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు. లైన్లలో గది పది అడుగులు, ఏడు అడుగులు; అందులోనే వంట, పడక, బిడ్డ. తల్లి పలుగు పార పట్టుకొని పోతే బిడ్డ చెరకు గట్టున నీడలోనో, లైన్లలో ముసలమ్మ దగ్గరనో ఉండవలసిందే. పది మంది పిల్లలను చూచే ముసలమ్మ ఎన్ని గుడ్డలు మార్చగలదు? 1910లో నాదిలో నారాయణి అనే ఆమె, ప్రసవమైన కొద్ది రోజులకే పనికి రమ్మంటే రానన్నది. ఓవర్సీయరు ఆమెను కొట్టాడు. కోర్టు అతన్ని విడిచిపెట్టింది. అటువంటి రోజులు చూచిన ఇళ్ళలో, నాలుక మీద చిటికెడు వేస్తే బిడ్డ ఊరుకొనే పొడిని ఎవరు కాదంటారు? నేను మా అవ్వను ఎన్నడూ తప్పు పట్టలేదు.

ఇది పాదరసంతో ఆగలేదు. 1972లో ఫ్రాన్సులో మొరాంజ్ అనే పిల్లల టాల్కం పౌడరులో హెక్సాక్లోరోఫీన్ మోతాదు మించి కలిసిపోయింది. ఒరిసిన చర్మంలోంచి అది లోపలికి ఇంకి 36 మంది పిల్లలు చనిపోయారు. 1980లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో ఒక లాండ్రీ, గోచీ గుడ్డలు ఉతికేటప్పుడు బూజు పట్టకుండా పాదరసపు మందు వాడింది. వేలాది పిల్లల ఒంటికి అది తగిలి, కొందరిలో మళ్ళీ ఆ పింక్ డిసీజ్ కనిపించింది.

ఖురియాత్‌లోనూ ఇటువంటి కథ విన్నాను. ప్రక్క ఇంటి ఒమానీ పెద్దావిడకు కొంచెం హిందీ వచ్చు. నా ఫిజీ హిందీకి ఆమె కడుపుబ్బ నవ్వింది గాని, మాటలు సాగినవి. వారి తల్లుల కాలంలో పుట్టిన బిడ్డకు కడుపునొప్పి వస్తే ‘బింత్ అల్ దహబ్’ అనే పసుపుపచ్చ పొడి నాకించేవారట. ఆ మాటకు బంగారు కూతురు అని అర్థం. నిజానికి అది సీసపు భస్మం. ఒమాన్‌లో పిల్లలకు దానివల్ల సీసపు విషం ఎక్కినట్లు డాక్టర్లు వ్రాశారు. బజారు సుర్మాలోనూ తరచు సీసమే ఉంటుంది. ఆముదపు దీపం మసితో ఇంట్లో చేసిన కాటుక వేరు, అంగడి సుర్మా వేరు. బిడ్డ కళ్ళకు అసలు ఏదీ పెట్టకపోవటమే మేలంటారు.

సరే, మా పాప సంగతి. పౌడరు డబ్బాను బీరువా పైన పెట్టించాను. టాల్కం గాలిలో లేచి బిడ్డ ఊపిరితిత్తులలోకి పోతుంది; పుండుకు చేసే మేలు ఏమీ లేదు. విరేచనాలలోని జీర్ణరసాలు మూత్రంతో కలిస్తే మరింత చురుకై లేత చర్మాన్ని కొరుకుతాయి. అందువల్ల డైపరు తడవటమే తడవుగా మార్చాము, రాత్రి కూడా లేచి. వాసన గుడ్డలతో తుడవటం మాని, గోరువెచ్చని నీళ్ళు పోసి, రుద్దకుండా అద్దాము. ఎయిర్ కండిషనరు గదిలో పాత లుంగీ పరచి, రోజుకు నాలుగైదు సార్లు పాపను గోచీ లేకుండా వదిలాము. (లుంగీలు రెండు పాడైనవి. అల్లుడు ఏమీ అనలేదు.) తరువాత జింక్ ఆక్సైడ్ లేపనం గోడకు సున్నం వేసినట్లు దట్టంగా పూశాము, ప్రతిసారీ దానిని గీకి తీయనక్కరలేదు, మురికి పోతే చాలు. చిగుళ్ళకు చల్లని తడి గుడ్డ కొరకటానికి ఇచ్చాము. మత్తు జెల్లు రాయలేదు. ఏడాది నిండని బిడ్డ కనుక తేనె కూడా నాకించలేదు. విరేచనాలకు తల్లిపాలు మానిపించలేదు, ఇంకా ఎక్కువ సార్లు ఇప్పించాము.

మూడో రోజుకు ఎరుపు తగ్గింది గాని, గజ్జల మడతలలో చుట్టూ చిన్న చిన్న ఎర్రని చుక్కలు లేచినవి. మందుల పొడి కోసం కాక, చూపించటం కోసం దగ్గరి ఆరోగ్య కేంద్రానికి తీసికొని వెళ్ళాము. అది ఈస్టు జాతి బూజు అని చెప్పి నర్సు వేరే క్రీము ఇచ్చింది. దానికి కొబ్బరినూనె గాని, జింకు గాని చాలదని నాకు అప్పుడే తెలిసింది. వారం తిరిగేసరికి పాప పిర్రలు మళ్ళీ జామపండు లోపలి రంగుకు వచ్చినవి. రెండు పళ్ళూ పూర్తిగా వచ్చినవి. వియ్యపురాలికి ఫోనులో చూపిస్తే, “మంచిగైంది వదినె, పౌడర్ కొట్టిన్రా?” అని అడిగింది. లేదని చెప్పి, అవ్వ కథ మొత్తం చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, “మా అత్త గూడ ఒక పిలగాడు పండ్లొచ్చేటప్పుడు పోయిండని చెప్పేది” అన్నది.

నేను ఫిజీకి తిరిగి వచ్చిన తరువాత మా అమ్మాయి ఆ డబ్బాను చూపించమని అడిగింది. బీరువాలోంచి తీసి, మూత తెరిచి ఫోను ముందు పెట్టాను. పైన అక్షరాలు చెరిగిపోయినవి. లోపల తుప్పు పట్టిన సూదులు నాలుగు, తెల్ల దారపు ఉండ ఒకటి, చిన్న పిల్లల చొక్కాకు కుట్టే బొత్తాములు మూడు ఉన్నవి.