రక్తపిశాచి గాథలు – వైద్యశాస్త్ర వివరణలు

చనిపోయి, పూడ్చిపెట్టిన తర్వాత కూడా పూర్తిగా చావక, రాత్రిళ్లు సమాధి దాటి వచ్చి బతికున్నవారి రక్తాన్నీ ప్రాణశక్తినీ పీల్చే శవాన్ని తూర్పు యూరప్ జానపద విశ్వాసంలో రక్తపిశాచి అంటారు. ఈ నమ్మకం వెనుక ఏదైనా జబ్బు ఉందా అన్న ప్రశ్న 20వ శతాబ్దపు వైద్యులను బాగా ఆకర్షించింది. పోర్ఫిరియా, రేబిస్, పెల్లాగ్రా, క్షయ, మానసిక రుగ్మతలు ఒకదాని వెనుక ఒకటిగా చర్చకు వచ్చాయి. వీటిలో ఎక్కువ ప్రతిపాదనలు ఒకే చోట దారి తప్పాయి. రక్తపిశాచిని ఒక రోగిగా ఊహించుకుని, ఆ రోగికి ఏ జబ్బు ఉండి ఉంటుందా అని వెతికాయి. 18వ శతాబ్దపు పత్రాల్లో ఊరివాళ్లు వేలెత్తి చూపింది మాత్రం శవాన్ని. జబ్బు పడింది దాని చుట్టూ ఉన్న బతికున్నవాళ్లు.

కిసిలోవా, మెద్వెజా నివేదికలు

1718లో పస్సరోవిట్జ్ ఒప్పందంతో ఉత్తర సెర్బియా ఒట్టోమన్ల నుంచి ఆస్ట్రియా హాబ్స్‌బర్గ్ పాలకుల చేతికి వచ్చింది. కొత్త ప్రభుత్వపు అధికారులు, సైనిక వైద్యులు సరిహద్దు పల్లెల్లో అడుగుపెట్టాక అక్కడి ఆచారాలు సర్కారు కాగితాలకెక్కాయి. మనకు దొరికే గట్టి ఆధారాలు ఇవే.

1725లో కిసిలోవా అనే పల్లెలో పీటర్ ప్లొగొయోవిట్స్ అనే రైతు చనిపోయాడు. పది వారాలు గడిచాక ఎనిమిది రోజుల వ్యవధిలో తొమ్మిది మంది కన్నుమూశారు. ఒక్కొక్కరు మంచం పట్టింది ఒక్క రోజు పాటే. పీటర్ నిద్రలో వచ్చి మీద పడి గొంతు నొక్కాడని పోయేముందు చెప్పారు. తన చెప్పుల కోసం ఇంటికి వచ్చాడని అతని భార్య చెప్పి ఊరు విడిచి వెళ్లిపోయింది. సమాధి తవ్వడానికి అనుమతి ఇవ్వకపోతే ఊరంతా ఖాళీ చేస్తామని జనం పట్టుబట్టడంతో, ఫ్రాంబాల్డ్ అనే అధికారి పూజారిని వెంటబెట్టుకుని వెళ్లాడు. తాను చూసినదాన్ని అతను వివరంగా రాశాడు. ముక్కు కొంత రాలిపోయింది తప్ప శరీరం చెక్కుచెదరలేదు. జుట్టు, గడ్డం, గోళ్లు పెరిగినట్టు ఉన్నాయి. పాత చర్మం ఊడి కింద కొత్త చర్మం కనిపించింది. నోట్లో తాజా రక్తం ఉంది. కొయ్యమేకు దిగ్గొట్టగానే చెవుల నుంచీ నోటి నుంచీ రక్తం కారింది. తర్వాత శవాన్ని కాల్చేశారు. ఇందులో తప్పేమైనా ఉంటే భయంతో ఒళ్లు తెలియని జనానిదేగానీ తనది కాదని నివేదిక చివర విన్నవించుకున్నాడు.

మెద్వెజా వ్యవహారం ఇంకా పెద్దది. ఆర్నాల్డ్ పావొలే అనే సిపాయి గడ్డిబండి మీద నుంచి పడి మెడ విరిగి చనిపోయాడు. ఆ తర్వాత నలుగురి చావుకు అతనే కారణమని ఊరివాళ్లు నలభై రోజులకు తవ్వి మేకు దించితే శవం మూలిగిందట. కొన్నేళ్లకు 1731 చివర్లో మళ్లీ మరణాలు మొదలయ్యాయి. మూడు నెలల్లో 17 మంది పోయారు. మొదట వచ్చిన అంటువ్యాధుల వైద్యుడు గ్లేసర్‌కు అంటురోగం జాడ కనిపించలేదు. తిండి చాలకపోవడం, కఠినమైన ఉపవాసాలు కారణమని అతను అభిప్రాయపడ్డాడు. పక్కల్లో పోట్లు, ఛాతీ నొప్పి, జ్వరం అని రోగులు చెప్పుకున్నారు. 1732 జనవరిలో సైనిక శస్త్రవైద్యుడు యోహాన్ ఫ్లూకింగర్ సమాధులు తవ్వించాడు. అరవై ఏళ్ల మిలిజా బతికున్నన్నాళ్లూ ఎండుపుల్లలా ఉండేది, సమాధిలో ఇంత ఒళ్లు ఎలా వచ్చిందని ఇరుగుపొరుగు విస్తుపోయినట్టు అతని నివేదికలో ఉంది. పక్కపక్కనే పూడ్చిన శవాల్లో కొన్ని కుళ్లాయి, కొన్ని కుళ్లలేదు. కుళ్లనివాటికి తలలు నరికి, కాల్చి, బూడిదను మొరావా నదిలో కలిపారు. ఈ నివేదికతోనే యూరప్ పత్రికల్లో రక్తపిశాచుల చర్చ ఊపందుకుంది.

శవం చెప్పే సంగతులు

ఫ్రాంబాల్డ్, ఫ్లూకింగర్ అబద్ధాలు రాయలేదు. కళ్లతో చూసిందే రాశారు. శవం ఎలా మారుతుందో ఆ కాలానికి తెలియదు, అంతే. ఈ రెండు నివేదికల్లోని ప్రతి లక్షణానికీ నేటి ఫోరెన్సిక్ వైద్యంలో సమాధానం ఉంది. పాల్ బార్బర్ 1988లో రాసిన పుస్తకం ఈ పోలికను వరసగా చూపించింది.

చనిపోయాక పేగుల్లోని సూక్ష్మజీవులు వాయువులను పుట్టిస్తాయి. పొట్ట, ముఖం ఉబ్బుతాయి. చిక్కి శల్యమైన మనిషి కూడా ఒళ్లు చేసినట్టు కనిపిస్తాడు. మిలిజా సంగతి ఇదే. వాయువుల ఒత్తిడికి ఊపిరితిత్తుల్లోంచి, జీర్ణాశయంలోంచి ముదురు ఎరుపు ద్రవం నోటికీ ముక్కుకీ తన్నుకొస్తుంది. చూసేవారికి అది ఇప్పుడే తాగిన రక్తం. పై చర్మం పొరలుగా ఊడిపోతుంది, కింది పొర లేతగా మెరుస్తుంది. గోళ్లు ఊడితే వాటి కింది భాగం కొత్త గోరులా ఉంటుంది. చర్మం ఆరి వెనక్కి తగ్గడం వల్ల గోళ్లు, గడ్డం పెరిగినట్టు భ్రమ కలుగుతుంది. గడ్డకట్టిన రక్తం కొన్ని పరిస్థితుల్లో మళ్లీ పలచబడుతుంది. ఛాతీలో మేకు దిగితే అక్కడ చిక్కుకున్న వాయువు గొంతులోంచి బయటికి తోసుకొచ్చి మూలుగులా వినిపిస్తుంది.

చలికాలంలో, లోతుగా, గాలి ఆడని మట్టిలో పూడ్చిన శవం నెమ్మదిగా కుళ్లుతుంది. ఒకే శ్మశానంలో ఒక శవం అస్థిపంజరమైపోయి పక్కది తాజాగా ఉండటం మామూలే. మెద్వెజాలో తవ్వకాలు జరిగింది జనవరిలో. శవం మారే తీరును పట్టించుకోకుండా ఏ జబ్బు పేరు చెప్పినా అది అసలు ప్రశ్నకు సమాధానం కాదు.

పోర్ఫిరియా వాదం

అన్నిటికన్నా ఎక్కువ ప్రచారం పొందింది, అన్నిటికన్నా ఎక్కువ హాని చేసింది ఈ వాదమే.

రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ అనే పదార్థాన్ని మన శరీరం ఎనిమిది ఎంజైముల సాయంతో దశలవారీగా తయారుచేసుకుంటుంది. వాటిలో ఏదో ఒకటి సరిగా పనిచేయకపోతే మధ్యదశ పదార్థాలైన పోర్ఫిరిన్లు పేరుకుపోతాయి. ఇలా వచ్చే జబ్బుల గుంపు పేరు పోర్ఫిరియా. కొన్ని రకాల్లో పోర్ఫిరిన్లు చర్మంలో చేరి, ఎండ తగలగానే బొబ్బలు, పుండ్లు వస్తాయి. 1911లో హాన్స్ గుంథర్ వర్ణించిన పుట్టుకతో వచ్చే రకం అన్నిటికన్నా తీవ్రమైనది. అందులో మూత్రం ఎర్రగా వస్తుంది, పళ్లకు ఎర్రటి గోధుమరంగు పడుతుంది, ముక్కు, చెవులు, వేళ్లు క్రమంగా వికారమవుతాయి. పది లక్షల మందిలో ఒకరికి కూడా రానంత అరుదైన వ్యాధి ఇది.

1964లో లీ ఇల్లిస్ అనే బ్రిటిష్ వైద్యుడు తోడేలు మనుషుల కథలకు పోర్ఫిరియాతో ముడిపెట్టాడు. 1985లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త డేవిడ్ డాల్ఫిన్ దాన్ని రక్తపిశాచుల వైపు మళ్లించాడు. పూర్వం రోగులు హీమ్ కోసం రక్తం తాగి ఉండవచ్చని, వెల్లుల్లిలోని రసాయనం జబ్బును రెచ్చగొడుతుంది కాబట్టి పిశాచికి వెల్లుల్లి పడదనే మాట పుట్టిందని ఒక శాస్త్ర సదస్సులో ప్రతిపాదించాడు. పత్రికలు ఎగబడి అచ్చువేశాయి.

ఇది ఏ మెట్టు దగ్గరా నిలవదు. తాగిన రక్తంలోని హీమ్ పేగు గోడ కణాల్లోనే విరిగిపోతుంది. శరీరానికి దక్కేది అందులోని ఇనుము మాత్రమే. తీవ్రమైన పోర్ఫిరియా దాడికి వైద్యులు హీమ్ ఇచ్చే మాట నిజమే, అయితే అది నరంలోకి ఎక్కించే మందు. రక్తం తాగాలన్న కోరిక ఈ వ్యాధి లక్షణాల్లో ఎక్కడా లేదు. ఇక ఎండ సంగతి: సెర్బియా పల్లెల రక్తపిశాచికి ఎండ తగిలి చావడమన్నదే లేదు. 1897లో వచ్చిన బ్రామ్ స్టోకర్ నవలలో కూడా డ్రాక్యులా పట్టపగలు లండన్‌లో తిరుగుతాడు. సూర్యకాంతి సోకి రక్తపిశాచి మాయమవడం 1922 నాటి 'నొస్ఫెరాతు' సినిమాతో స్థిరపడిన కల్పన. జానపదుల రక్తపిశాచి పాలిపోయి కూడా ఉండదు, ఉబ్బి ఎర్రగా ఉంటుంది. అంటే ఈ వాదం సినిమా పిశాచికి జబ్బు కనిపెట్టిందే తప్ప గాథలోని పిశాచి జోలికి పోనేలేదు. 1995లో ఆన్ కాక్స్ ఒక వైద్య పత్రికలో ఈ పొరపాట్లను విడమర్చి, ఇదే ఒక కొత్త పుక్కిటి పురాణంగా తయారవుతోందని హెచ్చరించింది.

అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. పోర్ఫిరియా దాడిలో భరించలేని కడుపునొప్పితో ఆసుపత్రికి వచ్చే మనిషి, ఎండలోకి వెళితే చేతులు మండి ఏడ్చే పిల్లవాడు తమ జబ్బు పేరు చెప్పుకోవడానికి జంకే పరిస్థితి వచ్చింది. రోగుల సంఘాలు ఇప్పటికీ ఈ మాటను ఖండిస్తూనే ఉన్నాయి. శాస్త్రం పేరుతో ప్రచారమైన ఊహకు ఇంత మూల్యం చెల్లించాల్సి రావడం అన్యాయం.

రేబిస్, పెల్లాగ్రా

1998లో స్పెయిన్ నరాల వైద్యుడు హువాన్ గోమెజ్ అలోన్సో రేబిస్ వాదాన్ని తెచ్చాడు. ఇందులో పస ఎక్కువే. 1721–1728 మధ్య హంగరీలో కుక్కల్లో, తోడేళ్లలో రేబిస్ ప్రబలింది. రక్తపిశాచి కథలు పెరిగిందీ ఆ కాలంలోనే. రేబిస్ రోగికి నీళ్లను చూస్తే గొంతు పట్టేస్తుంది. వెలుతురు, ఘాటు వాసన, అద్దంలో కనిపించే బొమ్మ కూడా ఆ బాధను రేపవచ్చు. నిద్ర పట్టదు, నోట నురగ వస్తుంది, కొందరు కరవబోతారు. పిశాచికి వెల్లుల్లి, అద్దం ఎందుకు పడవన్న రెండు చిక్కుముళ్లనూ ఇది ఒకేసారి విప్పినట్టు కనిపిస్తుంది. అయితే కిసిలోవా, మెద్వెజా రోగులెవరూ నీళ్లకు భయపడినట్టు గానీ, బతికున్న మనిషి మరొకరిని కరిచినట్టు గానీ నివేదికల్లో లేదు. తోడేలు, కుక్క వంటి జంతువుల పాత్ర కథల్లోకి ఎలా చేరిందో చెప్పడానికి రేబిస్ ఉపయోగపడవచ్చు, అంతకు మించి కాదు. మన దేశంలో మాత్రం ఇది ఇప్పటికీ ప్రాణాలు తీస్తున్న జబ్బు. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బు నీళ్లతో 15 నిమిషాలు కడిగి అదే రోజు టీకా వేయించుకోవాలి. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు.

నియాసిన్ లోపంతో వచ్చే పెల్లాగ్రాను 1997లో ఇద్దరు పరిశోధకులు తెరమీదికి తెచ్చారు. మొక్కజొన్నే ప్రధాన ఆహారమైన పేదల్లో ఎండ తగిలే చోట చర్మం నల్లబడి పగలడం, విరేచనాలు, మతి చెడటం దీని లక్షణాలు. స్పెయిన్‌లో గాస్పార్ కసాల్ 1735లో దీన్ని గుర్తించాడు. తెలుగు పాఠకులకు ఇది దూరపు జబ్బేమీ కాదు. దక్కన్‌లో జొన్నకూడు మీదే బతికిన బీదల్లోనూ ఉండేది. జొన్నలోని ల్యూసిన్ దీనికి కారణం కావచ్చని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య హైదరాబాద్ పోషకాహార పరిశోధన కేంద్రం నుంచి 1960లో ప్రతిపాదించారు. పెల్లాగ్రా ఆకలి జబ్బు. ఇందులోనూ రక్తదాహం లేదు.

క్షయ: జాడ దొరికిన చోటు

జబ్బుకూ రక్తపిశాచికీ నిజమైన సంబంధం అమెరికాలోని న్యూ ఇంగ్లండ్ పల్లెల్లో స్పష్టంగా కనిపిస్తుంది. రోడ్ ఐలండ్‌లోని ఎక్సెటర్‌లో జార్జ్ బ్రౌన్ అనే రైతు భార్య 1883లో, పెద్ద కూతురు మరుసటి ఏడాది క్షయతో పోయారు. తర్వాత కొడుకు ఎడ్విన్ మంచం పట్టాడు. 1892 జనవరిలో 19 ఏళ్ల మరో కూతురు మెర్సీ కూడా కన్నుమూసింది. చనిపోయినవారిలో ఎవరో ఎడ్విన్ ప్రాణాన్ని పీలుస్తున్నారని ఇరుగుపొరుగు ఒత్తిడి చేస్తే, నమ్మకం లేకపోయినా తండ్రి ఒప్పుకున్నాడు. మార్చి 17న సమాధులు తెరిచారు. తల్లి, అక్కల దేహాలు మామూలుగా క్షీణించి ఉన్నాయి. ఆ చలికాలంలో నేల మీది శవాగారంలో ఉంచిన మెర్సీ దేహం పాడవలేదు, గుండెలో రక్తం ఉంది. ఇది సహజమేనని, ఊపిరితిత్తుల్లో క్షయ గుర్తులున్నాయని డాక్టర్ హెరాల్డ్ మెట్‌కాఫ్ చెప్పినా ఎవరూ వినలేదు. గుండెనూ కాలేయాన్నీ బండ మీద కాల్చి, ఆ బూడిదను ఎడ్విన్‌కు తాగించారు. రెండు నెలలకు అతనూ పోయాడు.

రాబర్ట్ కాఖ్ క్షయ క్రిమిని ప్రకటించి అప్పటికే పదేళ్లు. ఇంట్లో ఒకరు దగ్గుతూ క్షీణించి పోతే, కొన్ని నెలలకు మరొకరు అదే దారి పట్టడం ఆ కుటుంబాలు కళ్లారా చూశాయి. రోగం చనిపోయినవారి నుంచి బతికున్నవారికి వస్తోందన్న వారి గమనిక సరైనదే. చనిపోయాక కూడా వాళ్లే పట్టి పీడిస్తున్నారన్న ముగింపు తప్పు. అంటురోగాన్ని అర్థం చేసుకోవడానికి ఊరు తయారుచేసుకున్న సిద్ధాంతమే రక్తపిశాచి.

రక్తం తాగాలన్న కోరిక

మనిషికి రక్తం తాగాలనిపించడం వేరే విషయం. ఇనుము లోపించి రక్తహీనత వచ్చిన కొందరికి మామూలుగా తినని వస్తువుల మీద యావ పుడుతుంది. మన ఇళ్లలో గర్భిణులు, పిల్లలు పచ్చిబియ్యం నమలడం, మట్టి, బలపాలు, సుద్దముక్కలు తినడం, ఐసు కొరకడం చూస్తూనే ఉంటాం. ఇనుము లోపం సరిచేస్తే చాలామందిలో ఈ యావ తగ్గుతుంది. ఇనుము తగ్గినంత మాత్రాన రక్తం తాగాలనిపించదు.

చరిత్రలో రక్తం తాగినవారు ఎక్కువగా మందని నమ్మి తాగారు. రోమ్‌లో మూర్ఛరోగులు గ్లాడియేటర్లనే పోరాటయోధుల రక్తం తాగేవారని సెల్సస్, ప్లినీ రాశారు. 19వ శతాబ్దపు పారిస్ కబేళాల దగ్గర క్షయరోగులు వెచ్చటి పశురక్తం కోసం వరస కట్టేవారు. మనోవైద్యుల దగ్గరికి వచ్చే రక్తదాహం కేసులు చాలా కొద్ది. తుర్కియే వైద్యులు 2012లో ప్రచురించిన కేసులో రోగికి తీవ్ర మానసిక ఆఘాతంతో పాటు వ్యక్తిత్వం చీలిపోయే రుగ్మత ఉంది. ఇలాంటివారికి రెన్‌ఫీల్డ్ సిండ్రోమ్ అని 1992లో మనస్తత్వవేత్త రిచర్డ్ నోల్ పెట్టిన పేరు వ్యంగ్యంగా పెట్టినదే. గుర్తింపు పొందిన మానసిక వ్యాధుల జాబితాలో అది లేదు. రక్తం తాగితే వాంతులు, హెపటైటిస్ వంటి అంటురోగాలు వచ్చే ప్రమాదం ఉంది. పదేపదే తాగితే శరీరంలో ఇనుము మితిమీరవచ్చు.

నమ్మకం మీద ఆంక్ష

1755లో మరియా థెరీసా మహారాణి తన వైద్యుడు గెరార్డ్ వాన్ స్వీటెన్ సలహా మీద, పల్లెల్లో శవాలు తవ్వి తలలు నరికే పనిని నిషేధించింది. అప్పటికి శిక్ష అనుభవించింది ఎక్కువగా శవాలే. తెలుగు నేల మీద బాణామతి, చేతబడి, చిల్లంగి నెపంతో చంపింది బతికున్న మనుషులను. ఒకే ఇంట్లో, ఒకే వాడలో వరసగా చావులు జరిగితే ముందు ఆరోగ్య కేంద్రానికి కబురు పెట్టండి, కఫం పరీక్ష, నీటి పరీక్ష చేయించండి. ఎవరి మీదైనా వేలు చూపించే వారిని అక్కడే ఆపండి.