ఎలుక, ఎలుగు, ఏనుగు: ఒకే అక్షరానికి చేరిన వేర్వేరు దారులు

పిల్లల అక్షరమాల పుస్తకాల్లో 'ఎ'కి ఎలుక, 'ఏ'కి ఏనుగు చాలాకాలంగా స్థిరపడిన బొమ్మలు. ఈ రెండు అక్షరాల కిందికి వచ్చే జంతునామాలు ఇంకా ఉన్నాయి: ఎద్దు, ఎనుము, ఎలుగుబంటి, ఎండ్రకాయ, ఏట, ఏదుపంది. వీటన్నింటికీ సోదర ద్రావిడ భాషల్లో సాటి రూపాలు కనిపిస్తాయి. సంస్కృతం నుంచి వచ్చిన ఏణము, ఏడకము వంటివి ప్రధానంగా కావ్యాల్లో, నిఘంటువుల్లో నిలిచాయి. అందువల్ల ఈ పేర్లు తెలుగు ధ్వనుల పూర్వచరిత్రకు కొంత సాక్ష్యం ఇవ్వగలవని భావించవచ్చు. ఎంత సాక్ష్యం అన్నదే ఇక్కడ పరిశీలనాంశం.

ఎ, ఏలను కలిపి చూడడానికి కారణం ఉంది. తొలినాటి శాసనలిపిలో ఈ హ్రస్వదీర్ఘాలకు వేర్వేరు గుర్తులు లేవు. నేటి అక్షరక్రమాన్ని బట్టి వీటిని విడదీస్తే పాత ఆధారాలను సరిగా చదవలేము. ఆధారాలుగా తీసుకున్నవి బ్రౌన్ నిఘంటువు (1852), బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము (1885), బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు (1961, రెండవ కూర్పు 1984), వాడుకలోని మాండలిక రూపాలు. వ్యుత్పత్తి నిఘంటువు సాటి రూపాలను చూపుతుందే తప్ప పదం వయస్సును చెప్పదు. ఈ పరిమితిని కింది ప్రతి అంశానికీ వర్తింపజేయాలి.

1. ఏనుగు. పాత రాతలో ఇది అరసున్నతో 'ఏనుఁగు'. 'ఏనిక' అనే రూపమూ ఉంది. తమిళంలో యానై, ఆనై, కన్నడంలో ఆనె, మలయాళంలో ఆన. వీటిలో తెలుగులో మాత్రమే ఏకారం ఎందుకు? ఇది ఒక్క పదానికి పరిమితమైన వింత అయితే దాని విలువ తక్కువే. కాని తమిళ 'యాణ్డు'కు (సంవత్సరం) తెలుగు 'ఏఁడు', 'యాఱు'కు (నది) 'ఏఱు' సరిపోతున్నాయి. మొదట ఉన్న 'యా' తెలుగులో 'ఏ' అయిందని, కన్నడ మలయాళాల్లో యకారం జారి 'ఆ' మిగిలిందని అనుకుంటే ఈ జంటలన్నీ ఒకే సూత్రంలో ఇముడుతాయి.

ఈ మార్పు ఎప్పటిది? కడప జిల్లా కలమళ్ళలోని ఎరికల్ ముతురాజు శాసనం కొంత సాయపడుతుంది. దానిలో తేదీ లేదు. లిపిని బట్టి సుమారు క్రీ.శ. 575 నాటిదని పండితులు నిర్ణయించారు. అందులో రేనాడు అనే సీమను 'ఏలుతూ ఉండగా' అనే అర్థంలో 'ఏళన్' అని ఉంది. తమిళంలో దీనికి సాటి ధాతువు 'ఆళ్'. అంటే 'ఏలు' కూడా పై వరుసలోని పదమే అయితే, ఆరవ శతాబ్ది నాటికే తెలుగులో ఏకారం స్థిరపడి ఉండాలి. ఇందులో రెండు అడ్డంకులున్నాయి: తమిళంలో ఈ ధాతువుకు సాధారణంగా దొరికేది యకారం లేని రూపమే, పైగా శాసనంలో ఉన్నది క్రియ, ఏనుగు పేరు కాదు. కాబట్టి ఏనుగు విషయంలో దీన్ని పరోక్ష సాక్ష్యంగానే గ్రహించాలి.

2. ఎనుము, ఎద్దు. తమిళంలో ఇవి వరుసగా ఎరుమై, ఎరుతు. కన్నడంలో ఎమ్మె, ఎత్తు. ఎద్దులోని ద్విత్వానికి సమాధానం సులువుగానే దొరుకుతుంది: రేఫ తన పక్కనున్న దంత్యంలో కలిసిపోయి ఉండాలి. ఎనుములోని నకారం అంత సులువు కాదు. పక్కనున్న మకారం ప్రభావంతో రేఫ అనునాసికమైందని ఊహించవచ్చు గాని, అదే తీరున మారిన పదాలు మరికొన్ని చూపగలిగేదాకా అది ఊహగానే ఉంటుంది. తమిళ రూపాలు రెండూ 'ఎరు'తో మొదలవుతున్నాయని వాటిని ఒకే ధాతువు నుంచి తీయడం, పశువులు కదా అని 'ఎరువు'ను కూడా దానికి ముడిపెట్టడం ఆకర్షణీయమే. వ్యుత్పత్తి నిఘంటువు మాత్రం వీటిని వేర్వేరు ఆరోపాలుగానే ఉంచింది. ఆ జాగ్రత్త సబబైనదే.

వాడుక విషయానికొస్తే, కోస్తాలో గేదె, తెలంగాణలో బర్రె ప్రబలంగా ఉండగా రాయలసీమ నోళ్లలో ఎనుము నేటికీ బతికే ఉంది. తెలంగాణలో 'ఎనుముల' అనే ఇంటిపేరు ఉండడాన్ని బట్టి అక్కడా ఒకప్పుడు ఈ మాటే వాడుకలో ఉండేదని వాదించే వీలుంది. అయితే ఇంటిపేర్లు తరచు ఊరిపేర్ల నుంచి వస్తాయి, కుటుంబాలు వలస పోతాయి. ఇంటిపేరు ఒక్కదానితో ఈ వాదం నిలబడదు.

3. ఎలుగు, ఎలుక. రాతలో ఇవి పక్కపక్కనే ఉన్నా, చుట్టాలని చెప్పడానికి ఆధారం లేదు. ఎలుకకు తమిళంలో ఎలి, కన్నడంలో ఇలి. తెలుగులో 'ఎలిక' అనే రూపాంతరం కూడా ఉండడం వల్ల ఈ పోలిక మరింత బలపడుతోంది. ఎలుఁగుకు సాటి రూపాలు వేరు: తమిళ ఎణ్కు, గోండి ఎడ్జ్ వంటివి. తెలుగు లకారం, తమిళ ణకారం ఎలా పొసగుతాయన్న సందేహానికి ఒక సమాధానం ఉంది. ళకారం అనునాసికంతో కలిస్తే తమిళంలో ణకారం అవుతుంది. ఎళ్, నెయ్ కలిసి 'ఎణ్ణెయ్' అయింది. అదే ళకారం తెలుగులో లకారమవుతుంది. శాసనంలోని 'ఏళన్' తరవాత 'ఏలు' కావడం ఇందుకు దృష్టాంతం. ఎలుఁగులోని అరసున్న కూడా ఒకప్పటి అనునాసికాన్నే సూచిస్తున్నట్టుంది. ఎలుగు అంటే కంఠస్వరం కూడా కనుక, అరుపును బట్టి ఈ జంతువుకు ఆ పేరు వచ్చిందనే వివరణ ఒకటి స్ఫురించవచ్చు. తమిళ, గోండి రూపాలు దానికి మద్దతివ్వడం లేదు.

4. ఎండ్రకాయ, ఏదు. కోస్తాలో పీతగా పిలిచే ఎండ్రకాయకు తమిళంలో ఞెణ్డు, నణ్డు. ఇక్కడి ఎకారం ముందు ఒకప్పుడు ఞకారం ఉండి లోపించిందని భావించవచ్చు. ఏదుకు తమిళ సాటి రూపం 'ఎయ్'.

5. ఏట, యాట. ఇది అన్నింటికన్నా చిక్కైన అంశం. గ్రాంథికంలో ఏట అంటే పొట్టేలు. తమిళంలో యాడు, ఆడు. కన్నడంలో ఆడు: మేక, గొర్రె అనే అర్థాలతో. ఇక్కడి ఏకారం ఏనుగు వరుసకు చక్కగా సరిపోతుంది. తెలంగాణలో మాత్రం నేటికీ 'యాట' అంటారు. యాట కూర పండుగనాటి మాట. తమిళ యాడు పక్కన తెలంగాణ యాటను పెట్టి చూసినప్పుడు, మూలద్రావిడ రూపమే చెక్కుచెదరకుండా ఇక్కడ నిలిచిందని చెప్పాలనిపించడం సహజం. ఆ నిర్ణయానికి ముందు అదే మాండలికంలోని మరో మాటను చూడాలి. వేపచెట్టును అక్కడ 'యాప' అంటారు. వేపకు తమిళ సాటి 'వేంబు'. అందులో యకారం ఎన్నడూ లేదు. అంటే వకారం జారిపోయాక మిగిలిన ఏకారమే అక్కడ యా అయింది.  అలాంటప్పుడు యాట కూడా ఏట నుంచి తరవాతి కాలంలో ఏర్పడి ఉండడానికే అవకాశం హెచ్చు. పాతది నిలిచిందా, కొత్తది పాతదాన్ని పోలిందా అన్నది ఈ ఒక్క మాటతో తేలదు.

సంస్కృత 'ఏడకము' (పొట్టేలు) కూడా ఈ చర్చలోకే వస్తుంది. ఏడ, ఏడక శబ్దాలను వ్యుత్పత్తి నిఘంటువు ద్రావిడ రూపాల సరసన పోల్చి చూపింది. అవి ద్రావిడం నుంచి సంస్కృతంలోకి వెళ్లినవే అయితే, వాటిలోని ఏకారం తెలుగు ఏట వైపు మొగ్గుతోంది, తమిళ యాడు వైపు కాదు. తెలుగు, గోండి వంటి భాషల పూర్వరూపం నుంచి అవి వెళ్లి ఉండవచ్చనడానికి ఇది ఒక సూచన. కాని 'యా' అనే ధ్వనిని సంస్కృతం వారే 'ఏ'గా విని ఉండే అవకాశాన్నీ కొట్టివేయలేము.