నీళ్లొచ్చినప్పుడు మనం, నీళ్లు తీసినాక మీరు

పట్నం చరిత్ర అంటే గోల్కొండ, చార్మినార్. ఉప్పల్ దాటి వరంగల్ రోడ్డెక్కితే వచ్చే మా మేడిపల్లికి ఆ చరిత్రలో చోటు తక్కువ. కాని పట్నాన్ని ముంచిన నీళ్లు మా దాపునుంచే పోతాయి. అఫ్జల్‌గంజ్ దాటిన మూసీ అంబర్‌పేట, నాగోలు, ఉప్పల్ మీదుగా పీర్జాదిగూడ పక్కనుంచి తూర్పుకు సాగుతుంది. పీర్జాదా ఫారసీ మాట, గూడ తెలుగు మాట. ఊరిపేరులోనే ఇద్దరం ఉన్నాం. అందుకే మా చరిత్రను రాజుల దగ్గర కాక నీళ్ల దగ్గర మొదలుపెడుతున్నాం.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. పోయిన ప్రాణాలు 15 వేల దాకా ఉంటాయని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్నది ఆ చెట్టే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ మూసీకి హారతి పట్టాడని పట్నంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులు వచ్చాయి. హారతి కథ మాకూ ఇష్టమే. కాని మాకు చెట్టే ముఖ్యం. కొమ్మ మీద పక్కవాడి చెయ్యి పట్టుకున్నప్పుడు అది ఏ మతం చెయ్యో ఎవరడిగి ఉంటారు?

ఆ చెయ్యి ఒక్కరోజులో అందేది కాదు. నాచారం అవతల మౌలాలి గుట్ట మీది దర్గాకు హిందువులూ మొక్కుకుని మెట్లెక్కుతారు. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని తెలంగాణ పల్లెల్లోనూ మొహర్రానికి పీరీలు లేస్తాయి. ఇది మతంలో లేదని మాలో కొందరు, మన దేవుళ్లు కాదని మీలో కొందరు అంటూనే ఉన్నారు. అయినా పీరీల గుండం చుట్టూ జనం తగ్గలేదు. దీనికి మతసామరస్యమని పేరు పెట్టింది సభల్లో మాట్లాడేవాళ్లు. మాకది ఇరుగుపొరుగు.

ఇరుగుపొరుగు ప్రతిసారీ నిలబడిందని అబద్ధం చెప్పం. 1990 డిసెంబర్ అల్లర్లలో పట్నంలో వందమందికి పైగా చచ్చిపోయారు. భయంతో కొందరు ఇళ్లు మారారు. ఎవరి గల్లీ వారిదైంది. గల్లీలు వేరైతే చేతులు ఎట్లా అందుతాయి?

2020 మార్చిలో ఢిల్లీ మర్కజ్ వార్తలు వచ్చాక ఒక జబ్బుకు మా మతం పేరు తగిలించారు. దేశంలో ఎన్నోచోట్ల కూరగాయల బండి నెట్టేవాడి పేరు అడిగి మరీ బేరం మానుకున్నారు. అదే ఏడాది అక్టోబర్ 13న మా పక్క ఘట్‌కేసర్ మండలంలో ఒక్కరోజే 32 సెంటీమీటర్ల వాన పడింది. నీళ్లు ఎవరి పేరూ అడగలేదు. 2021లో కరోనా రెండోసారి విరుచుకుపడింది. అయినవాళ్లే శవాన్ని ముట్టడానికి జంకిన రోజులవి. హైదరాబాదులో ముస్లిం యువకులు హిందువుల శవాలను శ్మశానానికి మోసుకుపోయి, వాళ్ల ఆచారం ప్రకారమే సాగనంపారు. రాజేంద్రనగర్‌లో ఒక మసీదు కోవిడ్ రోగులకు ఆసరా కేంద్రమైంది. జబ్బు మోసుకొచ్చారని ఏడాది కింద మాటపడ్డవాళ్లే పాడె మోశారు.

అప్పుడు మమ్మల్ని మెచ్చుకున్నారు. 'మీవాళ్లలోనూ మంచివాళ్లున్నారే' అన్నారు. ఆ మెప్పు మాకు గుచ్చుకుంది. ఆపదలో మేము మనుషులం, మామూలు రోజుల్లో అనుమానితులం. అదే నోటితో 'సాయిబులకు ఇల్లు ఇయ్యం' అన్నమాటా విన్నాం. బోర్డు వేలాడుతూనే ఉంటుంది, పేరు చెప్పగానే పోర్షన్ నిండిపోతుంది.

మంచి ముస్లిం అని మాకు సర్టిఫికెట్ వద్దు. పాడె మోసినందుకు శాలువా వద్దు. చింతచెట్టు మీద చెయ్యి అందింది, పక్కన మనిషి ఉన్నాడు కాబట్టి. వచ్చే వరదనాడు మన చేతులు ఒకరికొకరివి అందాలంటే, ఎండ కాసే రోజుల్లోనే మన గోడలు ఆనుకుని ఉండాలి. పక్క పోర్షన్ ఖాళీ అయినప్పుడు మా పేరు విని తలుపు వెయ్యకండి. మేము అడుగుతున్నది అంతే.