ఇంటి ఫెర్న్‌లకు పట్టే చీడపురుగులు

ఇంటి లోపల పెంచే ఫెర్న్ మొక్కలను ఎక్కువగా పీడించేవి పొలుసు పురుగులు, పిండినల్లి, ఎర్రనల్లి. పేనుబంక, తామర పురుగులు, తెల్లదోమ అప్పుడప్పుడూ కనిపిస్తాయి. మిరపకో వంగకో నిశ్చింతగా కొట్టే మందు ఫెర్న్ మీద పడితే చాలాసార్లు పురుగు కన్నా ముందు ఆకే మాడుతుంది, ఎందుకంటే చాలా రకాల ఆకు పలుచన. అందుకే ఇక్కడ చేతిపనికి మొదటి స్థానం. పురుగును సరిగా గుర్తుపట్టి, పట్టిన ఆకులు కోసి, మిగిలినవి కడిగి, మందును చివరికి ఉంచుకోవాలి.

గుర్తుపట్టడంలోనే పెద్ద పొరపాటు జరుగుతుంది. ఆరోగ్యంగా పెరిగిన ఫెర్న్ ఆకు అడుగున గోధుమ రంగు చుక్కలు వస్తాయి. అవి సిద్ధబీజాశయాల గుంపులు. పువ్వు, గింజ లేని ఈ మొక్క సంతతిని పెంచుకునేది ముఖ్యంగా వాటితోనే. వాటిని చూసి పురుగనుకుని ఆకులు కోసేసేవారు, మందులు కొట్టేవారు తక్కువేమీ కాదు. తేడా వరుసలో ఉంది. సిద్ధబీజాశయాలు ఈనెకు రెండు వైపులా, లేదా ఆకు అంచు వెంట, ఒక క్రమంలో ఉంటాయి, అదీ ఆకు అడుగునే. పొలుసు పురుగులకు క్రమం లేదు. ఆకు పైన, కింద, కాడ మీద ఎక్కడపడితే అక్కడ అంటుకుంటాయి, గోటితో గీరితే పెచ్చుగా ఊడి వస్తాయి.

ఫెర్న్ పొలుసు పురుగుగా పేరుబడ్డది పిన్నాస్పిస్ ఆస్పిడిస్ట్రే. ఆడ పురుగు గోధుమ రంగులో బేరిపండు ఆకారంలో ఉంటుంది. మగ పురుగుల పెచ్చులు తెల్లగా, సన్నగా ఉండి ఆకు మీద కొబ్బరికోరు చల్లినట్టు కనిపిస్తాయి. ఇది జిగట కార్చదు. గుండ్రంగా, ఉబ్బెత్తుగా ఉండే సైసేషియా కాఫియే అనే మరో రకం కారుస్తుంది. ఆ జిగటకు చీమలు చేరతాయి, దాని మీద నల్లని మసి తెగులు పెరుగుతుంది. కుండీ కింద నేల బంకబంకగా తగిలితే ఆకులు తిరగేసి చూడాల్సిందే. పెద్ద పురుగుకు పెచ్చు కవచం, గుడ్లు కూడా దాని కిందే భద్రంగా ఉంటాయి. పైపైన తాకి చంపే మందుకు దొరికేవి గుడ్లలోంచి వచ్చి పాకే పిల్లపురుగులే. ఒక్కసారి కొట్టి ఊరుకుంటే వారం తిరిగేసరికి కొత్త తరం వచ్చేది ఇందుకే.

పిండినల్లి కాడలు చీలే చోట, కొత్త ఆకు చుట్టల మధ్య దూదిపింజలా దాక్కుంటుంది. అయితే జింకకొమ్ము ఫెర్న్ ఆకుల మీది తెల్లని నూగు ఆ మొక్క సొంతం, తేమ పోకుండా కాపాడేది. దాన్ని తుడిచేస్తే మొక్కకే నష్టం.

ఎర్రనల్లి కీటకం కాదు. ఎనిమిది కాళ్ల ఈ జీవి సాలీళ్లకు బంధువు. ఏసీ గదుల్లోని పొడిగాలి దానికి వరం. ఫెర్న్‌కు కావాల్సింది మాత్రం తేమ. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ ఒక చిమ్మట ప్యూపాను తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూసి ఉంచితే, ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలిచింది. ఊరంతా బొగ్గుపొగ కమ్మిన రోజుల్లో, ఆయన పెరట్లో బతకని మొక్క సీసాలోని తేమలో బతికింది. ఆ తర్వాత ఇళ్లలోకి వచ్చిన గాజుపెట్టెలకు మూలం అదే. ఫెర్న్‌కు హాయినిచ్చే ఆ తేమ ఎర్రనల్లికి గిట్టదు. ఆకుల అడుగుభాగాన్ని నీటిధారతో తరచూ కడగడమే దానికి మంచి చికిత్స.

పొలుసు పురుగు ముదిరితే కత్తెరే మేలు. మొక్క ప్రాణం మట్టి దగ్గరి భూగర్భకాండంలో ఉంటుంది కాబట్టి బాస్టన్ ఫెర్న్‌ను మొదలంటా కోసినా కొత్త చుట్టలు విప్పుకుంటుంది. కోసిన ఆకులను సంచిలో మూటకట్టి బయట పారేయాలి. పక్షిగూడు ఫెర్న్‌లాంటి మందపాటి ఆకులపై పురుగును 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో అద్ది తీయవచ్చు. హంసపదిలాంటి సున్నితమైన రకాల జోలికి ఆల్కహాల్‌తో వెళ్లకూడదు.

వేపనూనె వాడదలిస్తే, 1500 పీపీఎం రకాన్ని పంటలకు లీటరు నీటికి 5 మి.లీ. కలుపుతారు. ఫెర్న్‌కు అందులో సగంతో మొదలుపెట్టి, ముందు ఒక్క ఆకు మీద కొట్టి, కొన్ని రోజులు ఆగి చూడాలి. మాడకపోతేనే సాయంత్రం పూట మొత్తం తడిపి, వారం పది రోజుల ఎడంతో మళ్లీ కొట్టాలి.

బాల్కనీలో పెంచేవారు మరొకటి గమనించాలి. 1898లో ఆస్ట్రేలియా నుంచి భారతదేశానికి తెచ్చిన క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిండినల్లిని తిని బతుకుతుంది. దాని పిల్లపురుగు కూడా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే ఉంటుంది, కాకపోతే ఇంకా పెద్దది, చురుగ్గా నడుస్తుంది. అలాంటిది కనిపిస్తే మందు సీసా పక్కన పెట్టి, దాన్ని మేయనివ్వాలి.